వేలిముద్ర సరే - వీపు చూసేదెవరు?

ప్రతి నెలా ఒకటో తారీఖు తెల్లవారేసరికి మా ఊరి వీధుల్లో సచివాలయ ఉద్యోగులు సెల్‌ఫోను, వేలిముద్ర మిషను పట్టుకుని బయలుదేరుతారు. నడవగలిగిన ముసలివారు అప్పటికే అరుగుల మీద కూర్చుని ఎదురు చూస్తూ వుంటారు. నడవలేని వారి దగ్గరకు ఉద్యోగులే లోపలికి వెళ్లి, మంచం ప్రక్కన నిలబడి, వేలు మిషను మీద పెట్టించుకుని డబ్బు లెక్కపెట్టి ఇస్తారు. కూలిపనుల్లో అరిగిపోయిన వేళ్లు ఒక పట్టాన ముద్ర పడవు. తడిగుడ్డతో తుడిచి రెండోసారి, మూడోసారి పెట్టిస్తారు. డబ్బు చేరవలసిన మనిషికే చేరిందని ప్రభుత్వానికి రుజువు కావాలి గదా! అందులో తప్పు పట్టవలసినది లేదు.

కాని ఆ మంచం మీద మనిషి వీపు ఎలా వున్నదో చూసేవారు లేరు. ఆ పూట తిన్నాడా, మంచినీళ్లు అందుతున్నాయా, నిన్నటి గుడ్డ మార్చారా అని అడిగేవారు లేరు. అడగడం తమ పని కాదని ఉద్యోగులు అనుకుంటారు. అడిగితే ఇంటివాళ్లకు కోపం వస్తుందని ఇరుగుపొరుగు అనుకుంటారు. మంచంపట్టిన మనిషి నోరు విప్పి చెప్పడు. ఈ మూడింటి మధ్య మన కోనసీమలో ఎందరో పెద్దలు కొబ్బరిచెట్ల నీడన చల్లని ఇళ్లలో వుండి కూడా బాధపడుతున్నారు. ఇంట్లో జరిగే సేవ మంచిదో కాదో కొలవడానికి మనకొక పద్ధతి కావాలని, అది పల్లెటూరివాళ్లం మనమే నేర్చుకోగలిగినంత సులువైనదని చెప్పడానికే ఇది వ్రాస్తున్నాను.

డబ్బు వచ్చింది, సేవ రాలేదు

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం అన్యాయం. ఈ రాష్ట్రంలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు అయింది. పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైన వారికి 15,000 రూపాయలు ఇస్తున్నారు. ఒకనాడు పదుల రూపాయల పింఛను కోసం తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగిన తరం వాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. ఇంట్లో ముసలివారికి విలువ పెరిగిందని కొందరు వేళాకోళంగా అంటారు గాని అందులో కొంత నిజమూ వున్నది.

2025 జనవరి నుంచి ఈ 15,000 రూపాయల పింఛనుదారుల ఇళ్లకు వైద్య బృందాలను కూడా పంపించారు. డాక్టర్లు మంచం దగ్గరకే వచ్చి పరీక్షించారు. ఎందుకంటే, ఆ మనిషి నిజంగా మంచంపట్టాడా, పింఛనుకు అర్హుడా కాదా తేల్చడానికి. అనర్హులకు సొమ్ము పోకూడదు, నిజమే. కాని అంతదూరం వచ్చిన డాక్టరు చేత, ఈ మనిషికి సేవ సరిగా జరుగుతున్నదా లేదా అన్న ఇంకొక్క వరుస కూడా వ్రాయించి వుంటే ఎంత మేలు జరిగేది! లేవలేడని రుజువు చేసుకున్నాం. లేవలేని మనిషిని ఎవరు, ఎలా చూస్తున్నారో వ్రాసుకోలేదు.

పథకాల్లో ఈ మాట అసలు లేదా అంటే వున్నది. 2010-11లో కేంద్రం ప్రారంభించిన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమంలో, మంచంపట్టిన వారి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్త వెళ్లి చూడాలని, ఇంట్లో సేవ చేసేవారికి తర్ఫీదు ఇవ్వాలని స్పష్టంగా వున్నది. 2023లో మన రాష్ట్రంలో మొదలుపెట్టిన ఫ్యామిలీ డాక్టరు విధానంలో కూడా, 104 వాహనంతో ఊరికి వచ్చిన డాక్టరు మధ్యాహ్నం పూట మంచంపట్టిన వారి ఇళ్లకు వెళ్లాలన్నారు. కాగితం మీద వున్నవాటిని మంచం దాకా తీసుకువచ్చే బాధ్యత ఎవరిదన్నదే ప్రశ్న.

మా ఇంటి సంగతి

ఇతరుల ఇళ్ల గురించి వ్రాసే ముందు మా ఇంటి సంగతి చెప్పడం న్యాయం. నన్ను పెంచినది మా నాయనమ్మ. కొన్నేళ్ల క్రితం పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో వుంచి ఇంటికి తీసుకువచ్చాం. ఇంట్లో వున్నది మోకాళ్ల నొప్పులతో నడవలేని మా అమ్మ, నా భార్య. నేను విలేకరిని. పగలంతా మోటారు సైకిలు మీద ఊళ్లు తిరిగి, రాత్రి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి "ఎలా వున్నావే?" అని అడిగేవాణ్ణి. "బానే వున్నానురా అబ్బాయ్. అన్నం తిన్నావా?" అనేది.

చుట్టాలు బత్తాయిలు, హార్లిక్సు సీసాలు పట్టుకుని వచ్చేవారు. తెల్లని దుప్పటి, తల దువ్వి పెట్టిన కొప్పు, మంచం ప్రక్కన అగరువత్తి చూసి "కోడలూ, మనవడి పెళ్లామూ దేవతల్లా చూస్తున్నారు" అని మెచ్చుకుని వెళ్లేవారు. నాకూ గర్వంగానే వుండేది.

మూడో నెలలో, మా పాపకు టీకా వేయడానికి ఏఎన్‌ఎం గారు వచ్చారు. టీకా వేసి, చేతులు కడుక్కుని, నాయనమ్మ దగ్గర ఒక నిమిషం నిలబడ్డారు. "ఒకసారి పక్కకి తిప్పి చూద్దామండి" అన్నారు. ఇద్దరూ కలిసి తిప్పితే నడుము చివరి ఎముక దగ్గర అయిదు రూపాయల బిళ్లంత పుండు కనిపించింది. పైకి అంతే. లోపల చాలా లోతున వున్నది. ఆ వాసనను మూడు వారాలుగా అగరువత్తి కప్పిపుచ్చింది.

నా భార్య ఏడ్చింది. "దుప్పటి రోజూ మార్చాను. ఒళ్లు తుడిచాను. పౌడరు వేశాను. రెండు గంటలకొకసారి పక్క తిప్పాలని నాకు ఎవరు చెప్పారండీ?" అన్నది. ఆమె అన్నదే నిజం. ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితంలో ఏడు రకాల మాత్రలు, ఏ పూట ఎన్ని వేయాలో వున్నాయి. పక్క తిప్పమని ఒక్క ముక్క లేదు. అడగాలని నాకూ తోచలేదు. మురుగు కాలువ పూడిపోయిందని, వీధి దీపం వెలగలేదని రోజూ వార్తలు వ్రాసే నేను, మా ఇంట్లో మంచం మీద మనిషిని ఒక్కసారి తిప్పి చూడలేదు.

ఆ తరువాత పక్కలు తిప్పాం, కట్లు కట్టించాం. పుండు కొంత తగ్గింది గాని మూసుకోలేదు. మరో నాలుగు నెలలకు నాయనమ్మ పోయింది. పుండు వల్లనే పోయిందని నేను అనను. ఆ నాలుగు నెలల నొప్పి మాత్రం తప్పించగలిగినదే.

ఒక రాత్రి అడిగాను, "నొప్పి అని ఎందుకు చెప్పలేదే?" అని. "మీ ఆవిడ ఒక్కత్తీ చేస్తోందిరా. నేనేదన్నా అంటే దానికి మాటొస్తుంది" అన్నది.

ఈ మాట దగ్గరే అసలు సంగతంతా వున్నది. మంచం మీద వున్న మనిషి తనకు సేవ చేసే వాళ్ల చేతుల్లో వుంటుంది. వాళ్ల ఎదుట వాళ్ల మీద ఫిర్యాదు చెప్పదు. భయంతో కొందరు చెప్పరు, ప్రేమతో కొందరు చెప్పరు. కాబట్టి "బాగున్నారా?" అని గుమ్మంలోంచి అడగడం పరామర్శ అవుతుంది గాని పరీక్ష కాదు. ఒళ్లు చూడాలి.

చూడవలసినవి ఏమిటి?

డాక్టరీ చదవకపోయినా ఎవరైనా చూడగలిగినవి కొన్ని వున్నాయి. ఏఎన్‌ఎం గారి దగ్గర, పుండ్లకు కట్లు కట్టే నర్సుల దగ్గర అడిగి తెలుసుకుని వ్రాస్తున్నాను.

మొదటిది చర్మం. కదలలేని మనిషి బరువంతా ఎముకలు పొడుచుకు వచ్చే చోట్ల మీద పడుతుంది. నడుము చివర, తుంటి, మడమలు, మోచేతులు, భుజం రెక్కలు, తల వెనుక భాగం రోజూ చూడాలి. అక్కడ చర్మం కందినట్లుంటే వేలితో నొక్కి వదలాలి. మామూలు చర్మమైతే నొక్కినప్పుడు పాలిపోయి, మళ్లీ రంగు వస్తుంది. రంగు మారకపోతే అది పుండుకు మొదలు. నల్లని చర్మం మీద ఎరుపు కనిపించదు. ప్రక్క చర్మం కంటే వేడిగా గాని, గట్టిగా గాని, మరీ మెత్తగా గాని వున్నదేమో చెయ్యి పెట్టి చూడాలి. అలాంటి చోట నూనె వేసి మర్దనా చేయకూడదు. లోపలి కండ ఇంకా నలిగిపోతుంది. పక్కన పడుకోబెట్టేటప్పుడు వీపు వెనుక దిండు పెట్టి కొద్దిగా వాల్చాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చేయాలి. రబ్బరు షీటు వేస్తే దాని మీద నూలు గుడ్డ తప్పనిసరి. మన సముద్రపు గాలికి, ఉక్కకు రబ్బరు మీద చెమట పట్టి చర్మం నానిపోతుంది. తడి చర్మం మీద పౌడరు వేస్తే ముద్దలు కట్టి అదే రాపిడి అవుతుంది.

రెండవది నోరు, తిండి, నీళ్లు. పడుకోబెట్టి జావ పోయడం మన ఇళ్లలో మామూలు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చెంచాతో పెట్టాలి. తిన్న తరువాత అరగంట కూర్చోబెట్టాలి. తింటుంటే దగ్గు వస్తున్నా, గొంతు గరగరమంటున్నా డాక్టరుకు చెప్పాలి. నోరు రోజుకు రెండుసార్లు శుభ్రం చేయాలి. పుండు మానాలంటే పప్పు, గుడ్డు, చేప కావాలి. ఉత్త గంజితో మానదు.

నీళ్ల విషయంలో ఒక సంగతి పైకి చెప్పుకోవలసి వున్నది. మాటిమాటికీ గుడ్డలు మార్చవలసి వస్తుందని చాలా ఇళ్లలో మంచినీళ్లు తగ్గించి ఇస్తారు. సేవ చేయించుకునే వారు కూడా మొహమాటంతో తామే తాగరు. మూత్రం ముదురు పసుపుగా, ఘాటైన వాసనతో వున్నదంటే, నాలుక ఎండిపోయి వున్నదంటే నీళ్లు చాలడం లేదని అనుమానించాలి. డాక్టరు నీళ్లు తగ్గించమన్న గుండె, కిడ్నీ రోగుల సంగతి వేరు. మూత్రానికి పైపు వేసివుంటే దాని సంచి ఎప్పుడూ నడుము కంటే కిందనే వుండాలి. నేల మీద పెట్టకూడదు. మనిషిని తిప్పేటప్పుడు సంచిని కడుపు మీద పెడితే అందులోని మూత్రం వెనక్కి పోయి జ్వరాలు తెస్తుంది.

మూడవది అందుబాటు. మంచం మీద నుంచి చెయ్యి చాస్తే నీళ్ల గ్లాసు అందుతున్నదా? పిలవడానికి గంటో, చెంబు మీద కొట్టడానికి చెంచానో వున్నదా? కిటికీ తెరిచి వున్నదా? చాలా ఇళ్లలో గ్లాసు బల్ల మీద వుంటుంది. బల్ల నాలుగడుగుల దూరాన వుంటుంది. చూసేవాళ్లకు నీళ్లు వున్నట్లే. ఆ మనిషికి లేనట్లే.

నాలుగవది మర్యాద. ఒళ్లు తుడిచేటప్పుడు తలుపు వేస్తున్నారా, అడ్డంగా చీర కడుతున్నారా? మీద చెయ్యి వేసే ముందు "అత్తయ్యా, ఇటు తిప్పుతున్నా" అని ఒక మాట చెపుతున్నారా? మనిషి ఎదుటనే "మళ్లీ పాడు చేసుకుంది" అని వచ్చిన వాళ్లతో చెప్పుకుంటున్నారా? ముంజేతుల మీద నొక్కుళ్లు, కమిలిన గుర్తులు వున్నాయా? ఎప్పుడు వెళ్లినా మత్తుగా నిద్రపోతూనే వుంటే, నిద్రమాత్రలు ఎవరు చెప్పి వేస్తున్నారో అడగాలి. మంచానికి చేతులు కట్టివేయడం ఏ కారణం చెప్పినా సేవ కాదు.

అయిదవది నొప్పి. ఇంటివాళ్లు లేనప్పుడు, ప్రక్కన కూర్చుని, అయిదు నిమిషాలు ఆ కబురూ ఈ కబురూ చెప్పి, అప్పుడు అడగాలి. మాట పడిపోయిన వారైతే కదిలించినప్పుడు ముఖం చూడాలి.

ఈ అయిదూ చూడడానికి పావుగంట పడుతుంది. యంత్రం అక్కరలేదు.

చేసేవాళ్ల సంగతి

ఇక్కడితో ఆపితే ఇది కోడళ్ల మీద తనిఖీ కాగితం అవుతుంది. ఈ సేవ ఎవరు చేస్తున్నారు? చాలావరకు ఆడవాళ్లే. కోడలో, కూతురో, డెబ్బయి ఏళ్లు దాటిన భార్యో. కొడుకులు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో వుండి వీడియోలో పలకరించి "జాగ్రత్తగా చూసుకోండి" అని చెపుతారు. ఊళ్లో వున్న కొడుకు, నా లాంటి వాడు, మందులు తెచ్చి ఇచ్చి తన పని అయిపోయిందనుకుంటాడు. ఒక్క మనిషి మరో మనిషిని రాత్రింబవళ్లు రెండు గంటలకొకసారి తిప్పుతూ, వంటా వార్పూ చేస్తూ, పిల్లలను బడికి పంపుతూ ఎన్నాళ్లు చేయగలదు? ఆమె నడుము సంగతి ఎవరు చూస్తారు? సేవ బాగున్నదా అని అడగడానికి వెళ్లిన వాళ్లు మొదట "అమ్మా, నువ్వు రాత్రి ఎంతసేపు పడుకున్నావు?" అని అడగాలి. ఆ జవాబు చెడ్డదయితే మంచం మీద మనిషి పరిస్థితి కూడా నేడో రేపో చెడిపోతుంది. రెండింటినీ ఒకే కాగితం మీద వ్రాసుకోవాలి.

మా నాయనమ్మను తిప్పడం నా భార్యకు నేర్పినది మా వీధిలోని ఒక అమ్మాయి. కువైట్‌లో ఒక ముసలావిడకు సేవ చేసి తిరిగి వచ్చింది. "వదినా, చేతులు పట్టుకుని లాగకు. చర్మం గీరుకుపోతుంది" అని, నడుము కింద దుప్పటి మడత వేసి, ఇటొకరు అటొకరు పట్టుకుని ఎత్తి జరిపే పద్ధతి చూపించింది. నన్ను కూడా పిలిచి "అన్నయ్యా, మీరు అటు పట్టుకోండి" అన్నది. అంతవరకు నేను ఆ మంచానికి ఒక ప్రక్క కూడా పట్టుకోలేదు.

మన కోనసీమ నుంచి ఎందరు ఆడపడుచులు ఇళ్లలో పని కోసం గల్ఫు దేశాలకు వెళ్లారో మనకు తెలుసు. అక్కడ పరాయి తల్లులను తిప్పి, కడిగి, తినిపించి నేర్చుకున్న పని వాళ్ల చేతుల్లో వున్నది. వాళ్లు వెళ్లిన ఏళ్లలో ఇక్కడ వాళ్ల స్వంత తల్లులను ఎవరు తిప్పారో అని అడిగితే చాలామంది తల వంచుకుంటారు. తిరిగి వచ్చిన వాళ్లు ఊరూరా వున్నారు. వాళ్లకు రోజు కూలి ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సు ప్రక్కన నిలబెట్టి, ఊళ్లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఈ పని నేర్పించవచ్చు.

జీతానికి వచ్చేవారు

చేతిలో డబ్బున్న ఇళ్లకు ఇప్పుడు కాకినాడ నుంచి, రాజమహేంద్రవరం నుంచి కేర్‌టేకర్లను పంపే ఏజెన్సీలు వచ్చాయి. వచ్చిన అమ్మాయి ఎక్కడ నేర్చుకున్నదో, అసలు నేర్చుకున్నదో లేదో చెప్పే కాగితం చాలాసార్లు వుండదు. ఇంగ్లండులో ఇలా ఇళ్లకు మనుషులను పంపి ఒంటి సేవ చేయించే సంస్థలను తనిఖీ చేయడానికి 2009 నుంచి కేర్ క్వాలిటీ కమిషన్ అని ఒకటి పనిచేస్తున్నది. సేవ పొందే వారితో మాట్లాడి, సంస్థకు మంచి చెడ్డ తరగతి ఇచ్చి బయట పెడుతుంది. మన ఊళ్లలో అలాంటి తనిఖీకి వచ్చిన మనిషిని నేను చూడలేదు. వచ్చేదాకా మనమే అడగాలి. పక్క ఎలా తిప్పుతావో చేసి చూపించమని మొదటి రోజే అడగాలి. ఎన్ని గంటలకు తిప్పారో, ఏమి పెట్టారో గోడకు తగిలించిన కాగితం మీద వ్రాయించాలి.

అదే సమయంలో, వచ్చిన అమ్మాయిని మనం ఎలా చూస్తున్నామన్నదీ అడగాలి. సేవకని పిలిచి అంట్లు తోమించి, దొడ్డి ఊడిపించి, రాత్రి నేల మీద చాప పరిచి, నెలకు ఒక్క సెలవు కూడా ఇవ్వని ఇళ్లు వున్నాయి. నిద్రలేని ఆయా పక్క తిప్పుతుందని ఆశించడం అత్యాశ.

చట్టం ఎంతవరకు?

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. బిడ్డలు చూడకపోతే పెద్దలు ఆర్డీవో అధ్యక్షతన వుండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. నోటీసు అందిన 90 రోజులలో తేల్చాలని చట్టం చెపుతున్నది. చూస్తామన్న షరతు మీద ఆస్తి వ్రాయించుకుని తరువాత వదిలేస్తే ఆ దస్తావేజు చెల్లదనిపించవచ్చు. పెద్దలను ఎక్కడో దిగవిడిచి పోతే మూడు నెలల జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఎల్డర్ లైన్ 14567 నంబరుకు ఫోను చేసినా సలహా, సాయం దొరుకుతాయి. ఇవి ప్రతి అరుగు మీదా తెలియవలసిన సంగతులు.

కాని ఈ చట్టంలో పోషణ అంటే తిండి, బట్ట, ఇల్లు, వైద్యం. మా ఇంట్లో ఈ నాలుగూ వున్నాయి. అయినా పుండు పడింది. వదిలేసిన బిడ్డలకు చట్టం కావాలి. వదలకుండా, తెలియక పాడుచేస్తున్న మా లాంటి ఇళ్లకు చట్టం పనికిరాదు. మన ఊళ్లలో ఎక్కువ ఇళ్లు ఈ రెండో రకమే. వాళ్లకు కావలసినది ఆర్డీవో నోటీసు కాదు, చేసి చూపించే మనిషి.

ఏమి చేయవచ్చు?

కేరళలో దీన్ని చేసి చూపించారు. కోజికోడ్‌లో 1993లో నొప్పి ఉపశమనం కోసం ఒక సొసైటీగా మొదలైన పని, తరువాత ఊరివాళ్లే వారంలో కొన్ని గంటలు కేటాయించి మంచంపట్టిన వారి ఇళ్లకు వెళ్లే పద్ధతిగా పెరిగింది. 2008లో ఆ ప్రభుత్వం దీనికొక విధానం ప్రకటించింది. అక్కడ పంచాయతీల ఖర్చుతో నర్సు ఇంటింటికీ వెళ్లి వీపు చూస్తుంది. వాళ్లదీ కొబ్బరిచెట్ల దేశమే, వాళ్ల పిల్లలూ గల్ఫులోనే వున్నారు.

మన దగ్గర కొత్త శాఖ పెట్టనక్కరలేదు. పింఛను జాబితాలో మంచంపట్టిన వారెవరో సచివాలయానికి ఇప్పటికే తెలుసు. ఆ జాబితా ఏఎన్‌ఎం గారికి, ఆశా కార్యకర్తకు ఇచ్చి, నెలకొక్కసారి పై అయిదు సంగతులు చూసి రమ్మనాలి. వాళ్ల మీద ఇప్పటికే పని భారం ఎక్కువ. కాబట్టి ఇందుకు వేరే దినం, వేరే భత్యం ఇవ్వాలి. పింఛను ఇచ్చే కుర్రవాడు ముసలమ్మ వీపు చూడనవసరం లేదు, చూడకూడదు. "ఈ నెల నర్సు వచ్చిందా అమ్మా?" అని ఒక్క మాట అడిగి రాసుకుంటే చాలు.

ఒక జాగ్రత్త మాత్రం ముఖ్యం. ఈ పరీక్షకు, పింఛనుకు ముడిపెట్టకూడదు. సేవ బాగాలేదని వ్రాస్తే పింఛను ఆగుతుందని భయపడితే తలుపులు మూసుకుంటాయి. ఆ కాగితం ఇంట్లోనే గోడకు వుండాలి. సెల్‌ఫోనులో ఎక్కించి పై వాళ్లకు మార్కులు చూపించుకోవడానికి కాదు. దెబ్బలు, కట్టివేయడం, ఆకలి కనిపించినప్పుడే పైకి పోవాలి.

ఆసుపత్రులు పక్షవాతం రోగిని ఇంటికి పంపే ముందు, తీసుకువెళ్లే వాళ్ల చేత రెండుసార్లు పక్క తిప్పించి చూసి పంపాలి. ఆ సంగతి మాత్రల చీటీ మీదనే తెలుగులో వ్రాయాలి. ప్రతి పంచాయతీలోనూ రెండు గాలి పరుపులు, ఒక చక్రాల కుర్చీ, ఒక దొడ్డికుర్చీ వుంచి, అవసరమైన ఇంటికి ఇచ్చి, పని అయ్యాక తిరిగి తీసుకోవచ్చు. పెళ్లికి షామియానాలు, గుండిగలు ఊళ్లో దొరుకుతున్నాయి. గాలి పరుపు దొరకడం లేదు. గాలి పరుపు వున్నా పక్క తిప్పడం మానకూడదని మాత్రం చెప్పి ఇవ్వాలి. డ్వాక్రా సంఘాలు వంతులు వేసుకుని, సేవ చేసే ఇల్లాలికి వారంలో ఒక పూట విశ్రాంతి ఇప్పించవచ్చు. ఆ ఒక్క పూట ఆమె నిద్రపోతే చాలు.

"ఇంటి గుట్టు రచ్చకెక్కించడమేమిటి?" అని కొందరు పెద్దలు అంటారు. గుట్టు దాచవలసిన సంగతులు వేరు. వీపు మీద పుండు గుట్టు కాదు. అది చూసేవాళ్లు లేక పెరుగుతుంది. మా ఇంట్లో దానిని మూడు వారాలు పెంచినది మేము దాచిన గుట్టు కూడా కాదు. మాకు తెలియకపోవడమే.

దేశంలో అరవై ఏళ్లు దాటిన వారు 2011 జనాభా లెక్కలనాటికే సుమారు 10 కోట్ల 38 లక్షలు. ఆ తరువాత ఇంకా పెరిగారు. మనమూ ఆ వరుసలోకి నడుస్తున్న వాళ్లమే. జిల్లా అధికారులు, వైద్య ఆరోగ్య శాఖ వారు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించి, కనీసం ఒక మండలంలోనైనా నెలవారీ పరిశీలన ప్రారంభించవలసిందిగా కోరుతున్నాను. వాళ్లు వచ్చేలోగా చదువరులకు ఒక విన్నపం. మీ ఇంట్లో గాని, మీ ప్రక్కింట్లో గాని మంచాన వున్న పెద్దలుంటే ఈ రాత్రి గుమ్మంలోంచి పలకరించి రాకండి. దగ్గరకు వెళ్లి, చెప్పి, ఇద్దరు కలిసి ఒకసారి ప్రక్కకు తిప్పి చూడండి. తిప్పేటప్పుడు మగవాళ్లు కూడా ఒక చెయ్యి వేయండి.